జీతం ఎంతైతే జీవితం సాగుతుంది?

ఆడవారి వయసు, మగవారి జీతం అడగరాదని పెద్దలు చెప్పేవారు. వీటిలో జీతం విషయంలో ఆ కట్టుబాటు ఎన్నడో సడలిపోయింది. ఉద్యోగం వచ్చిందన్న మాట చెవిన పడగానే బంధుమిత్రులు వేసే మొదటి ప్రశ్న 'ప్యాకేజీ ఎంత?' అన్నదే. పెళ్లి సంబంధం మాట్లాడవచ్చిన మధ్యవర్తికి, ఇల్లు అద్దెకిచ్చే యజమానికి, అప్పు మంజూరు చేసే బ్యాంకు మేనేజరుకు కావలసినదీ ఆ అంకే. అంకె చెప్పడం తేలిక. అది మంచి జీతమా, కాదా అన్నది తేల్చడమే కష్టం.

ఉదాహరణకు నెలకు పాతికవేల రూపాయలనే తీసుకుందాం. హైదరాబాదు, బెంగుళూరు వంటి నగరాల్లో ఇరవై మూడేళ్ల పట్టభద్రుడికి ఆ జీతం వస్తున్నదంటే 'ఏం సరిపోతుంది?' అని జాలిపడేవారే ఎక్కువ. అదే పాతికవేలు ఆదిలాబాదు లేదా శ్రీకాకుళం జిల్లాలోని ఒక వ్యవసాయ కూలీ కుటుంబానికి కనీవినీ ఎరుగని రాబడి. దేశ జనాభా మొత్తాన్ని దృష్టిలో ఉంచుకొని చూస్తే ఈ రెండో అభిప్రాయమే గణాంకాలకు దగ్గరగా ఉన్నది. అలాగని మొదటిది అబద్ధమూ కాదు. ఒకే అంకె ఏకకాలంలో కలిమికీ, చాలీచాలని బతుకుకూ గుర్తు కావడం మన ఆర్థిక వ్యవస్థలోని వింత. కోట్లాది యువతీ యువకుల భవిష్యత్తు ఈ వింతతో ముడిపడి ఉన్నది.

పైనున్న పదో వంతు

'భారతదేశంలో అసమానతల స్థితి' అనే నివేదికను ప్రధానమంత్రి ఆర్థిక సలహా మండలి అధ్యక్షుడు బిబేక్ దేబ్రాయ్ 2022 మే నెలలో విడుదల చేశారు. నెలకు రూ. 25,000 సంపాదించే వ్యక్తి దేశంలోని వేతన జీవుల్లో పై పది శాతంలో చేరుతాడని 2019-20 నాటి శ్రామిక శక్తి సర్వే ఆధారంగా ఆ నివేదిక తేల్చింది. పారిస్ కేంద్రంగా పనిచేసే ప్రపంచ అసమానతల పరిశోధన సంస్థకు చెందిన ఆర్థికవేత్తలు 2024లో ప్రచురించిన అధ్యయనం వేరొక మార్గాన వెళ్లి ఇంచుమించు అదే చోటికి చేరింది. 2022-23లో ఏడాదికి సుమారు రూ. 2.9 లక్షల ఆదాయం ఉన్న వ్యక్తి దేశంలోని వయోజనుల్లో పై పదో వంతులో ఉన్నట్లే. వయోజనులందరినీ ఆదాయం ప్రకారం వరుసలో నిలబెడితే సరిగ్గా మధ్యనున్న మనిషి వార్షికాదాయం లక్షా అయిదు వేల రూపాయల ప్రాంతంలో, అంటే నెలకు తొమ్మిది వేలకు లోపుగా, ఉన్నది. మరోవైపు జాతీయాదాయంలో 22.6 శాతం, పైనున్న ఒక్క శాతం మందికే చేరుతున్నది.

ప్రభుత్వ శ్రామిక శక్తి సర్వే ప్రకారం 2023-24లో నెలజీతం మీద పనిచేసేవారి సగటు సంపాదన ఇరవై, ఇరవై ఒక్క వేల రూపాయల మధ్య ఉన్నది. ప్రభుత్వోద్యోగులు, పెద్ద సంస్థల అధికారులు కూడా కలిసిన సగటు ఇది. సొంత పని చేసుకొనేవారికి నెలకు వస్తున్నది పదమూడు వేల చిల్లర. రోజు కూలీకి రోజుకు దక్కేది నాలుగు వందలకు కాస్త పైన. అదీ పని దొరికిన రోజున మాత్రమే. నెలజీతగాళ్లలో సైతం దాదాపు 58 శాతం మందికి రాతపూర్వకమైన ఒప్పందం ఏదీ లేదనీ, సగానికి పైగా ఉద్యోగులకు భవిష్యనిధి, పింఛను వంటి సామాజిక భద్రత ఏదీ లేదనీ అదే సర్వే వెల్లడించింది.

ఈ అంకెలు చూస్తే పాతికవేల జీతగాడు అదృష్టవంతుడే అనిపిస్తుంది. అయితే ఆ పాతికవేలు నిజంగా పాతికవేలేనా అన్నది ముందుగా చూడాలి.

కాగితం మీద ముప్పై, చేతికి ఇరవై రెండు

వెనుకటి రోజుల్లో నియామక పత్రంలో మూల వేతనం, కరవు భత్యం, ఇంటి అద్దె భత్యం విడివిడిగా ఉండేవి. మామూలు గుమాస్తా కూడా తన జీతాన్ని వేళ్లమీద లెక్కపెట్టుకోగలిగేవాడు. ఆర్థిక సంస్కరణల అనంతరం ప్రైవేటు రంగంలో 'కాస్ట్ టు కంపెనీ' అనే పద్ధతి స్థిరపడింది. ఉద్యోగి మీద సంస్థ పెట్టే ఖర్చు అంతటినీ కలిపి ఏడాదికి ఇంత అని చెప్పడం దీని సారాంశం. బంధువులు అడిగే 'ప్యాకేజీ' ఇదే.

ఏడాదికి రూ. 3.6 లక్షల ప్యాకేజీ ఇచ్చారనుకుందాం. నెలకు 30 వేలన్నమాట. ఇందులో పది శాతం పనితీరును బట్టి ఏడాది చివర ఇచ్చే మొత్తమైతే, నెలనెలా మూడు వేలు పక్కకు పోతాయి. మూల వేతనం 15 వేలయితే, భవిష్యనిధికి యాజమాన్యం కట్టే 12 శాతం వాటా రూ. 1,800 కూడా ఈ ముప్పై వేలలోనిదే. అయిదేళ్లు పనిచేస్తే గాని సాధారణంగా చేతికి రాని గ్రాట్యుటీ కోసం మరో రూ. 720 చూపుతారు. ఆపైన భవిష్యనిధికి ఉద్యోగి వాటా మరో రూ. 1,800, వృత్తి పన్ను రూ. 200 కోత పడతాయి. ఇవన్నీ పోగా నెల మొదటి తేదీన బ్యాంకు ఖాతాలో పడేది సుమారు రూ. 22,500. ఆరోగ్య బీమా ప్రీమియం, రాకపోకల వాహనం ఖర్చు కూడా ప్యాకేజీలో కలిపే సంస్థల్లో ఇంకాస్త తగ్గుతుంది.

భవిష్యనిధి సొమ్ము ఎక్కడికీ పోదు. అది ఉద్యోగి ఆస్తే. కానీ ఇంటి యజమాని ఆ పుస్తకం చూసి అద్దె తీసుకోడు కదా. జీతాన్ని ఈ విధంగా ముక్కలు చేసే అలవాటుకు కొంత అడ్డుకట్ట వేసే నిబంధన 2019 నాటి వేతనాల స్మృతిలో ఉన్నది. 2025 నవంబరు 21 నుంచి అమలులోకి వచ్చిన ఈ చట్టం ప్రకారం, వేతనంలో చేరని భత్యాలు మొత్తం పారితోషికంలో సగానికి మించితే, మించిన భాగాన్ని కూడా వేతనంగానే పరిగణించాలి. దీనివల్ల గ్రాట్యుటీ వంటి దీర్ఘకాలిక ప్రయోజనాలు పెరుగుతాయి. అయితే ప్యాకేజీ మొత్తాన్ని పెంచకుండా ఈ సర్దుబాటు చేసే సంస్థల్లో నెలవారీగా చేతికందేది తగ్గే అవకాశం కూడా ఉన్నది.

2025-26 సంవత్సరపు బడ్జెట్‌లో కొత్త పన్ను విధానం కింద ఏడాదికి రూ. 12 లక్షల దాకా, జీతగాళ్లకైతే ప్రామాణిక తగ్గింపుతో కలిపి రూ. 12.75 లక్షల దాకా, ఆదాయపు పన్ను లేకుండా చేశారు. మధ్యతరగతికి ఇది పెద్ద ఊరటే. కానీ కొత్తగా ఉద్యోగంలో చేరినవారిలో అత్యధికులు అంతకుముందు కూడా ఈ పన్ను పరిధిలో లేనివారే కనుక, వారి చేతికి దీనివల్ల అదనంగా వచ్చిందేమీ లేదు.

నెలాఖరు లెక్క

చేతికందిన ఇరవై రెండున్నర వేలు హైదరాబాదులో ఎలా ఖర్చవుతాయో చూద్దాం. అమీర్‌పేట, కూకట్‌పల్లి, మాదాపూర్ ప్రాంతాల్లోని హాస్టళ్లలో ముగ్గురు నలుగురు కలిసి ఉండే గదిలో ఒక మంచానికి, రెండు పూటల భోజనానికి, ఉదయం ఫలహారానికి కలిపి నెలకు ఆరేడు వేల నుంచి పది వేల దాకా వసూలు చేస్తున్నారు. ఎనిమిది వేలనుకుందాం. బస్సు పాసుకూ, అప్పుడప్పుడూ ఎక్కే షేర్ ఆటోకూ పదిహేను వందలు. సెల్‌ఫోనుకు నాలుగు వందలు. బట్టలు, సబ్బులు, మందులు, టీ, స్నేహితుడి పెళ్లికి చదివింపులు, పండుగకు ఊరెళ్లే చార్జీలు ఇవన్నీ సర్దుకొని మూడు వేలు. ఇప్పటికి రూ. 12,900 అయింది.

అయితే చదువుకు చేసిన అప్పు ఒకటి ఉన్నది. నాలుగు లక్షల విద్యారుణం పది శాతం వడ్డీతో ఏడేళ్లలో తీర్చాలంటే నెలసరి వాయిదా రూ. 6,640 దాకా పడుతుంది. ఇక మిగిలేది మూడు వేల లోపు. అందులో ఇంటికి పంపవలసినదెంత? దాచుకోవలసినదెంత? పళ్లు పీకించుకోవలసి వచ్చినా, ఫోను పగిలినా, రెండు నెలలు ఉద్యోగం లేకపోయినా ఏ సొమ్ముతో గట్టెక్కాలి? దేశంలోని సంపాదనపరుల్లో పై పదో వంతుకు ఇంచుమించు చేరువలో ఉన్న యువకుడి పరిస్థితి ఇది!

2023-24 గృహ వినియోగ వ్యయ సర్వే ప్రకారం పట్టణ ప్రాంతాల్లో ఒక మనిషి నెలసరి వినియోగ వ్యయం సగటున రూ. 6,996, గ్రామాల్లో రూ. 4,122. మనం పైన వేసిన రూ. 12,900 లెక్క ఆ సగటుకు దాదాపు రెట్టింపు. దీన్ని చూసి నేటి యువతకు దుబారా ఎక్కువైందని కొందరు అనవచ్చు. కానీ సర్వే సగటు చంటిపిల్లల నుంచి వృద్ధుల దాకా ఇంట్లో కలిసి ఉండేవారందరిదీ. సొంత ఇళ్లవారు కట్టని అద్దె కూడా అందులో ఉండదు. ఊరుకాని ఊళ్లో ఒంటరిగా బతికేవాడికి ఉమ్మడి వంటలోని పొదుపు, తాతలనాటి ఇంటి నీడ రెండూ ఉండవు. చదువూ ఉద్యోగమూ నగరాల్లోనే పోగుపడటం వల్ల పడిన అదనపు భారమిది. జిల్లా కేంద్రంలో తల్లిదండ్రుల వద్దనే ఉంటూ పద్ధెనిమిది వేలు తెచ్చుకొనే యువకుడు, మహానగరంలో పాతికవేలు తెచ్చుకొనేవాడి కంటే నెలాఖరున ఎక్కువ మిగుల్చుకోగలగడానికి కారణం ఇదే.

కూనూరు శాస్త్రవేత్త కొలబద్ద

న్యాయమైన జీతం ఎంత అన్న ప్రశ్నకు మన దేశంలో శాస్త్రీయమైన కొలబద్ద లేకపోలేదు. నీలగిరుల్లోని కూనూరు పోషకాహార పరిశోధనశాలకు 1935 నుంచి 1945 వరకు సంచాలకుడుగా పనిచేసిన వాలెస్ ఏక్రాయిడ్ పేరుమీద దానికి ఏక్రాయిడ్ సూత్రమని పేరు వచ్చింది. ఆ పరిశోధనశాలే 1958లో హైదరాబాదుకు తరలివచ్చి, తరువాతి కాలంలో జాతీయ పోషకాహార సంస్థగా తార్నాకలో స్థిరపడటం విశేషం.

1957లో జరిగిన 15వ భారత కార్మిక సదస్సు ఈ సూత్రాన్ని స్వీకరించింది. పనిచేసే పురుషుడు ఒక యూనిట్, భార్య 0.8, ఇద్దరు పిల్లలు చెరి 0.6 చొప్పున మొత్తం మూడు వినియోగ యూనిట్లుగా కుటుంబాన్ని లెక్కించారు. యూనిట్‌కు రోజుకు 2,700 కేలరీల ఆహారం, కుటుంబానికి ఏడాదికి 72 గజాల బట్ట, అల్పాదాయ వర్గాల గృహాలకు సమానమైన అద్దె, వంటచెరకు, దీపం, ఇతర ఖర్చులకు 20 శాతం - ఇవన్నీ కలిపితే కనీస వేతనం అవుతుందని సదస్సు నిర్ణయించింది. పిల్లల చదువు, వైద్యం, పండుగలు, శుభకార్యాలు, వృద్ధాప్యం కోసం మరో 25 శాతం చేర్చాలని 1991లో సుప్రీంకోర్టు ఒక తీర్పులో స్పష్టం చేసింది. మనిషి బతకడానికి తిండి మాత్రమే చాలదని న్యాయస్థానం గుర్తించిందన్నమాట.

కేంద్ర ప్రభుత్వోద్యోగుల వేతన సంఘాలు ఈ కొలబద్దనే వాడుతూ వచ్చాయి. 2006 నుంచి వర్తించిన ఆరో సంఘం కనీస వేతనం రూ. 7,000 కాగా, 2016 జనవరి నుంచి వర్తించిన ఏడో సంఘం దాన్ని రూ. 18,000 చేసింది. 2025 జూలై నుంచి వర్తించిన 58 శాతం కరవు భత్యంతో అది రూ. 28,440 అవుతుంది. హైదరాబాదు స్థాయి నగరంలో మూల వేతనంపై 30 శాతం ఇంటి అద్దె భత్యం రూ. 5,400 కలిపితే కోతలకు ముందు రూ. 33,840 వస్తుంది. ఇది ప్రభుత్వంలో అట్టడుగున ఉన్న ఉద్యోగి జీతం. కుటుంబం మామూలుగా బతకడానికి ఇంత అవసరమని ప్రభుత్వం తన ఉద్యోగి విషయంలో ఒప్పుకున్నదన్నమాట.

మరి తన ఉద్యోగులు కాని కోట్లాది మంది విషయంలో? జాతీయ స్థాయిలో సూచించిన కనీస వేతనం 2017లో రోజుకు రూ. 176. అనూప్ సత్పథి నాయకత్వంలోని నిపుణుల సంఘం 2019లో దాన్ని రోజుకు రూ. 375, నెలకు రూ. 9,750 చేయాలనీ, నగర కార్మికులకు అద్దె నిమిత్తం మరో రూ. 1,430 దాకా ఇవ్వాలనీ సిఫార్సు చేసింది. కుటుంబాన్ని మూడు కాక 3.6 యూనిట్లుగా లెక్కించాలని కూడా చెప్పింది. అయితే అదే ఏడాది రోజు వేతనం పెరిగింది రెండే రెండు రూపాయలు. అంటే రూ. 178. ఆ మాత్రపు స్థాయికి కూడా అప్పట్లో చట్టబద్ధత లేదు. కొత్త వేతనాల స్మృతి జాతీయ కనీస స్థాయికి చట్టబద్ధత కల్పించింది. ఆ స్థాయిని ఏ కొలబద్దతో నిర్ణయిస్తారన్నదే అసలు ప్రశ్న.

ఏక్రాయిడ్ లెక్కలో మన కుటుంబాలకు సంబంధించిన ముఖ్యమైన లోపం ఒకటున్నది. అందులో భార్యాపిల్లలున్నారు గాని తల్లిదండ్రులు లేరు. పెళ్లికాని యువకుడి మొదటి జీతం మీద ఆధారపడేది వారే. కేంద్రం ఇచ్చే వృద్ధాప్య పింఛను వాటా 60 నుంచి 79 ఏళ్ల వారికి నెలకు రూ. 200 మాత్రమే. ఆంధ్రప్రదేశ్‌లో రాష్ట్ర ప్రభుత్వం 2024లో పింఛనును రూ. 4,000 చేసింది. తెలంగాణలో 2019లో అది రూ. 2,016 అయింది. ఇవి ఉన్నా, మందులకూ వైద్యానికీ కొడుకో, కూతురో పంపే డబ్బే దిక్కయిన ఇళ్లు ఎన్నో. కనుక మన యువతకు 'నా ఒక్కడికి ఎంత కావాలి?' అన్న లెక్క పనికిరాదు. పై దేశాల ఆర్థిక సలహాదారులు చెప్పే సూత్రాలు ఇక్కడ పొసగకపోవడానికి ఇదొక కారణం.

కదలని అంకె

గత పదిహేనేళ్లలో పాలు, పప్పు, అద్దె, ఫీజులు అన్నీ పెరిగాయి. పెరగనిది ఒకటున్నది. సాఫ్ట్‌వేరు సంస్థలు సాధారణ ఇంజనీరింగ్ పట్టభద్రుడికి ఇచ్చే ప్రారంభ వేతనం 2010 ప్రాంతంలో ఏడాదికి మూడు, మూడున్నర లక్షలుండేది. 2020 దశకంలోనూ ప్రత్యేక నైపుణ్యాలున్న కొద్దిమందిని మినహాయిస్తే మిగిలినవారికి దాదాపు అంతే ఇస్తున్నారు. ఆదాయపు పన్ను శాఖ ప్రకటించే వ్యయ ద్రవ్యోల్బణ సూచి 2010-11లో 167 కాగా, 2025-26కు అది 376. దీని ప్రకారం నాటి మూడు లక్షలు నేటి రూ. 6.75 లక్షలకు సమానం. ఆ సూచి రిటైలు ధరల పెరుగుదలలో నాలుగింట మూడు వంతులను మాత్రమే పరిగణనలోకి తీసుకుంటుంది కనుక అసలు తేడా ఇంకా ఎక్కువ. పదిహేనేళ్ల కిందట అన్నకు వచ్చిన జీతమే నేడు తమ్ముడికి వస్తున్నదంటే, తమ్ముడికి అందులో సగమైనా రానట్లే.

దీనికి కారణం స్పష్టమే. ఉద్యోగాలు తక్కువ, అభ్యర్థులు ఎక్కువ. ఊరూరా వెలసిన ఇంజనీరింగ్ కళాశాలల నుంచి ఏటా లక్షల మంది పట్టాలతో బయటకు వస్తున్నారు. ఎంత ఇచ్చినా చేరేవారు క్యూలో నిలబడి ఉన్నప్పుడు, ఎక్కువ ఇవ్వవలసిన అగత్యం ఏ సంస్థకూ ఉండదు. అంతర్జాతీయ కార్మిక సంస్థ, మానవాభివృద్ధి అధ్యయన సంస్థ కలిసి 2024లో వెలువరించిన భారత ఉపాధి నివేదిక ఈ అసమతౌల్యాన్ని బయటపెట్టింది. 2022లో పట్టభద్ర యువతలో నిరుద్యోగం 29.1 శాతం కాగా, చదవడం రాయడం రాని యువతలో అది 3.4 శాతమే. నిరుద్యోగుల్లో సెకండరీ, ఆపై చదువులు చదివిన యువత వాటా 2000లో 54.2 శాతముండగా 2022 నాటికి 65.7 శాతానికి పెరిగింది. చదువురాని పేదవాడు ఏదో ఒక పని చేయక తప్పదు. చదువుకున్నవాడు తన చదువుకు తగిన జీతం కోసం, కుటుంబం పోషిస్తున్నంత కాలం, ఎదురుచూస్తాడు.

కంపెనీలకు ఇచ్చుకునే శక్తి లేదా అంటే అదీ కాదు. 2024-25 కేంద్ర ఆర్థిక సర్వే ప్రకారం 2023-24లో కార్పొరేట్ లాభదాయకత పదిహేనేళ్ల గరిష్ఠ స్థాయికి చేరింది. పెద్ద కంపెనీల లాభాలు 22.3 శాతం పెరగగా, ఉద్యోగాలు పెరిగింది 1.5 శాతమే. జీతాల వాటా పడిపోతే వస్తువులు కొనేవారు కరువై చివరకు ఆర్థిక వ్యవస్థే దెబ్బతింటుందని ప్రభుత్వ నివేదికే హెచ్చరించడం గమనార్హం. ధరల పెరుగుదలను తీసివేసి చూస్తే, నెలజీతం మీద పనిచేసే పురుషుల సగటు సంపాదన 2017-18లో రూ. 12,665 ఉండగా 2023-24 నాటికి రూ. 11,858కి తగ్గిందని అదే సర్వే తెలిపింది. మహిళల విషయంలో అది రూ. 10,116 నుంచి రూ. 8,855కు పడిపోయింది.

సర్కారు కొలువుపై మోజు

ప్రభుత్వోద్యోగం కోసం యువత ఏళ్ల తరబడి పరీక్షలు రాయడాన్ని మోజు అని తేలికగా కొట్టిపారేయడం పరిపాటి. లెక్క చూస్తే అది మోజు కాదు, వివేకమే. ప్రభుత్వంలో అట్టడుగు స్థాయి ఉద్యోగికి మొత్తం రూ. 22,579 వస్తుండగా, అదే పనిచేసే ప్రైవేటు ఉద్యోగికి రూ. 8,000 నుంచి 9,500 మాత్రమే వస్తున్నదని ఏడో వేతన సంఘం కోసం అహ్మదాబాదు మేనేజ్‌మెంట్ సంస్థ జరిపిన అధ్యయనం తేల్చింది. సెలవులు, వైద్యం, ఉద్యోగ భద్రత అదనం. రైల్వేలో సుమారు 35 వేల ఉద్యోగాలకు కోటీ పాతిక లక్షల మంది దరఖాస్తు చేయడం, ఎంపిక విధానంపై 2022 జనవరిలో బీహారు, ఉత్తరప్రదేశ్‌లలో రైళ్లు తగలబడేదాకా ఆందోళన సాగడం ఈ అంతరం వల్లనే.

అదే ఏడాది జూన్‌లో ప్రకటించిన అగ్నిపథ్ పథకం కూడా ఈ కోణంలోనే చూడదగినది. అగ్నివీరుడికి మొదటి ఏడాది నెలకు రూ. 30,000. అందులో రూ. 9,000 నిధికి పోగా చేతికి రూ. 21,000. ప్రభుత్వం కూడా అంతే మొత్తాన్ని నిధికి జమ చేస్తుంది. నాలుగేళ్ల తరువాత సుమారు రూ. 11.71 లక్షలు అందుతాయి. పద్ధెనిమిదేళ్ల గ్రామీణ యువకుడికి ఇది చిన్న మొత్తం కాదు. అయినా నిరసనలు పెల్లుబికాయి. జూన్ 17న సికిందరాబాదు రైల్వే స్టేషన్‌లో పోలీసు కాల్పుల్లో ఒక యువకుడు ప్రాణాలు కోల్పోయాడు. వారి అభ్యంతరం జీతం మీద కాదు, నాలుగేళ్ల తరువాత నూటికి పాతికమందికి మించి కొనసాగించరన్న నిబంధన మీద. మంచి జీతమంటే ఈ నెల అంకె మాత్రమే కాదని, అయిదేళ్ల తరువాత కూడా అది వస్తుందన్న నమ్మకమని ఆ సంఘటన చాటిచెప్పింది.

నైపుణ్యాల కొరత తీర్చేందుకు కేంద్రం 2024 అక్టోబరులో ప్రధానమంత్రి ఇంటర్న్‌షిప్ పథకాన్ని ప్రారంభించింది. 21 నుంచి 24 ఏళ్ల వారికి పెద్ద కంపెనీల్లో ఏడాదిపాటు శిక్షణ, నెలకు రూ. 5,000, ఒకసారి రూ. 6,000 ఇస్తారు. తొలి విడతలో 1.27 లక్షల అవకాశాలుండగా చివరకు చేరినవారు పదివేల లోపే. అయిదు వేలతో పరాయి ఊళ్లో హాస్టల్ ఖర్చు కూడా గడవదన్న సంగతి ఈ స్పందనలోనే తెలుస్తున్నది.

ఇరుగు పొరుగు

ఈ సమస్య మన ఒక్క దేశానిదే కాదు. బంగ్లాదేశ్‌లో దుస్తుల పరిశ్రమ కార్మికులు నెలకు 23,000 టాకాలు కోరగా, 2023 డిసెంబరు నుంచి ప్రభుత్వం 12,500 టాకాలతో సరిపెట్టింది. మన రూపాయల్లో అది అప్పటి లెక్కన తొమ్మిదిన్నర వేల ప్రాంతం. మరుసటి ఏడాదే ప్రభుత్వోద్యోగాల్లో కోటాపై విద్యార్థులు లేవదీసిన ఉద్యమం 2024 ఆగస్టు 5న షేక్ హసీనా ప్రభుత్వ పతనానికి దారితీసింది. నేపాల్‌లో 2025 జూలై నుంచి కనీస వేతనం 19,550 నేపాలీ రూపాయలు, అంటే మన రూపాయల్లో పన్నెండు వేల పైచిలుకు. సొంత ఊళ్లో చాలినంత సంపాదన దొరకక లక్షలాది నేపాలీ యువకులు గల్ఫ్, మలేసియా బాట పట్టారు. 2025 సెప్టెంబరులో అక్కడి యువత ఆగ్రహానికి ప్రభుత్వమే కూలింది. ఈ ఉద్యమాలకు అవినీతి, అణచివేత వంటి వేరే కారణాలూ ఉన్నాయి. కానీ చదువుకు తగిన కొలువు, కొలువుకు తగిన జీతం లేని యువతరం ఎంతోకాలం మౌనంగా ఉండదన్నది రెండుచోట్లా రుజువయింది.

ఆడపిల్ల సంపాదన

జీతం ప్రసక్తి వచ్చినప్పుడల్లా మగపిల్లవాడినే ఉదాహరణగా చూపడం మన అలవాటు. ఈ వ్యాసం కూడా అందుకు మినహాయింపు కాలేదు. నిజానికి ఆడపిల్ల పరిస్థితి మరింత చిక్కుతో కూడుకున్నది. ఒకే పనికి సమాన వేతనమివ్వాలన్న చట్టం 1976లోనే వచ్చినా, ఆర్థిక సర్వే అంకెల ప్రకారం పురుషుడికి వంద వస్తే నెలజీతం మీద పనిచేసే స్త్రీకి వస్తున్నది 75 రూపాయలే. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు నుంచి మహిళలకు ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం అమలవుతున్నది. నెలకు పదిహేను వందల దాకా మిగిలే ఈ సౌకర్యం చిన్న జీతగత్తెకు జీతం పెంపుతో సమానం. అయితే భద్రత దృష్ట్యా ఆఫీసుకు దగ్గరలోనే, కాస్త మంచి హాస్టల్‌లో ఉండక తప్పదు గనుక మిగిలినదాంట్లో కొంత అక్కడికే పోతుంది. జీతం చాలకపోతే మగపిల్లవాడిని 'ఇంకో ఉద్యోగం చూసుకో' అంటారు. ఆడపిల్లను 'ఇంటికి వచ్చేయి' అంటారు. కనుక మంచి జీతమన్నది ఆమెకు సౌఖ్యం మాత్రమే కాదు, తన బతుకు తాను నిర్ణయించుకునే హక్కు కూడా.

ఇంతకీ ఎంత?

పైన చూసిన ఖర్చులనే మరికాస్త న్యాయంగా లెక్కగడితే ఒక అంచనాకు రావచ్చు. మహానగరంలో ఒంటరిగా ఉండే యువకుడి సొంత ఖర్చు రూ. 12,900. చదువు అప్పు వాయిదా రూ. 6,640. తల్లిదండ్రులకు పంపేది ఎనిమిది వేలు. ఆరోగ్య బీమాకు వెయ్యి. ఆపదకోసం దాచేది అయిదు వేలు. వెరసి ముప్పై మూడున్నర వేలు. అంటే చేతికందే జీతం ముప్పై అయిదు వేల ప్రాంతంలో ఉంటే దాన్ని మంచి జీతమనవచ్చు. ప్యాకేజీ భాషలో అది ఏడాదికి అయిదు, అయిదున్నర లక్షలు. అప్పులేని వాడికి, సొంత ఊళ్లో ఇంటిపట్టున ఉండేవాడికి ఇరవై వేలైనా మంచి జీతమే. అక్కచెల్లెళ్ల పెళ్లి బాధ్యత, ఇంట్లో దీర్ఘరోగి ఉన్నవాడికి యాభై వేలూ చాలకపోవచ్చు.

ఇందులో విలాసమేమీ లేదు. కారు లేదు, ఫ్లాటు లేదు, విదేశీ యాత్ర లేదు. ఈ మొత్తం, హైదరాబాదులో ప్రభుత్వం తన చిట్టచివరి ఉద్యోగికి ఇస్తున్న దానికి ఇంచుమించు సమానం. పదిహేనేళ్ల కిందటి కొత్త ఇంజనీరు జీతాన్ని నేటి ధరల్లోకి మార్చితే వచ్చే ఆరుముప్పావు లక్షల కంటే తక్కువ. అయినా ఈ మాత్రం సంపాదన దేశంలో పదిమందిలో తొమ్మిదిమందికి అందడం లేదు. జీతం చాలడం లేదని వాపోతున్న యువకుడిని ఆశపోతని నిందించేముందు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

ఎనిమిదో వేతన సంఘం విధివిధానాలను కేంద్ర మంత్రివర్గం 2025 అక్టోబరులో ఆమోదించింది. సిఫార్సులకు పద్ధెనిమిది నెలల గడువిచ్చింది. తల్లిదండ్రులను కూడా కుటుంబంలో లెక్కించాలని ఉద్యోగ సంఘాలు కోరుతున్నాయి. ఆ కోరిక న్యాయమైనదే. అయితే వేతన సంఘం తీర్పు కోటి కుటుంబాలకు వర్తిస్తే, దాని వెలుపల ఉన్నవి ఎన్నో రెట్లు. వారికోసం కూడా అదే తక్కెడతో తూచే రోజు వచ్చినప్పుడే, జీతమెంతని బంధువులు అడిగితే మన పిల్లలు తలదించుకోకుండా జవాబు చెప్పగలుగుతారు.